తక్కువ పౌండ్ల లాంగ్‌బోలో బాణం వేగంగా పోవాలంటే ఏది కొనాలి?

పాలమూరు, నల్గొండ వైపు లాంగ్‌బో అనే పొడవాటి సాదా విల్లు మీద మనసు పడ్డవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "30, 35 పౌండ్ల విల్లు తీసుకుంటే బాణం నిదానంగా పోతదేమో, 45 తీసుకుంటే నయమా?" వద్దు అన్నదే నా జవాబు. (పౌండ్లు అంటే నారిని లాగడానికి పట్టే బలం, విల్లు బరువు కాదు.) 45 పౌండ్లు లాగలేక, భుజం వణుకుతుంటే వదిలిన బాణం ఎంత జోరుగా పోయినా తగలాల్సిన చోట తగలదు. పైగా వేగాన్ని పౌండ్లు ఒక్కటే తేల్చవు. విల్లు ఆకారం, మీ చేతుల పొడవు, బాణం బరువు కలిసి తేలుస్తాయి. ఈ మూడూ కుదిరిన 32 పౌండ్ల విల్లు, కుదరని 45 పౌండ్ల విల్లుకు ఏమీ తీసిపోదు. చాలాసార్లు దాన్ని మించిపోతుంది కూడా.

ఇది 15 నుంచి 30 మీటర్ల దూరంలో బొమ్మ (టార్గెట్) గురి కొట్టేవాళ్ళ కోసం రాస్తున్నది. వేట కోసం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అచ్చంపేట, మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి విల్లు పట్టుకొని పోవడం కూడా వద్దు.

## అసలు వేగం ఎందుకు?

లాంగ్‌బోకు సైట్, అంటే గురి చూసే పరికరం, ఉండదు. బాణం ఎంత కిందికి జారుతుందో కంటితో, అలవాటుతో అంచనా వేసుకోవాలి. జారుడు తక్కువైతే దూరం అంచనాలో చిన్న తప్పు జరిగినా బాణం బొమ్మ దాటిపోదు. అందుకే వేగం కావాలి.

లెక్క చూడండి. సెకనుకు 150 అడుగుల వేగంతో పోయే బాణం 20 మీటర్లు చేరేసరికి గురి గీత నుంచి సుమారు 94 సెంటీమీటర్లు జారుతుంది. 170 అడుగుల వేగమైతే 73 సెంటీమీటర్లే. 30 మీటర్ల దగ్గర ఈ తేడా దాదాపు అర మీటరు అవుతుంది. 15 మీటర్ల లోపే కొట్టేవాళ్ళకు మాత్రం దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. వాళ్ళు పిడి చేతికి నచ్చిన విల్లు తీసుకోవచ్చు.

## కొనే ముందు మీ గురించి తెలుసుకోవాల్సినవి

మీ డ్రా లెంగ్త్, అంటే మీరు నారిని వెనక్కి లాగే దూరం. అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఇదే, మన దగ్గర ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. విల్లు మీద "35 పౌండ్లు, 28 అంగుళాలు" అని రాసి ఉంటుంది. అంటే నారిని 28 అంగుళాల దాకా లాగితేనే 35 పౌండ్లు. గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాచి, వేలికొన నుంచి వేలికొన దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. అదే మీ డ్రా లెంగ్త్, కాస్త అటూ ఇటూగా. అయిదడుగుల ఆరు అంగుళాల మనిషికి దాదాపు 26½ వస్తుంది. అయిదడుగుల రెండు అంగుళాలకు 25 లోపే.

ఒక్కో అంగుళం తగ్గినకొద్దీ రెండు నుంచి మూడు పౌండ్లు తగ్గుతాయి. అంటే 35 అని రాసిన విల్లు మొదటి మనిషి చేతిలో 31, 32 పౌండ్లది, రెండో మనిషి చేతిలో 27, 28 పౌండ్లది అవుతుంది. తగ్గేది పౌండ్లు మాత్రమే కాదు. నారి బాణాన్ని తోసే దూరం కూడా తగ్గుతుంది కాబట్టి అంగుళంన్నరకు సెకనుకు ఆరేడు అడుగుల వేగం పోతుంది. ఇంటర్నెట్‌లో ఎవరో ఆరడుగుల అమెరికన్ 28 అంగుళాలు లాగి సాధించిన వేగం చూసి విల్లు కొనకండి.

బాణం బరువు. విలువిద్యలో బాణాన్ని గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రాము అంటే 15.4 గ్రెయిన్లు. బాణం బరువును విల్లు పౌండ్లతో భాగిస్తే వచ్చేదే పౌండుకు ఇన్ని గ్రెయిన్లు అనే లెక్క. ఇది తెలిస్తే సగం సందేహాలు తీరిపోతాయి. ఒకే డిజైన్‌లో 30 పౌండ్లదీ 45 పౌండ్లదీ తీసుకొని, రెండింటికీ పౌండుకు 10 గ్రెయిన్ల చొప్పున బాణాలు పెట్టి వేస్తే, రెండూ దాదాపు ఒకే వేగం ఇస్తాయి. 45 పౌండ్ల విల్లు వేసిన బాణం బరువెక్కువ కాబట్టి గట్టిగా గుచ్చుకుంటుంది. అది వేటగాడికి కావాలి గానీ గడ్డి మోపు మీద కాగితం కొట్టేవాళ్ళకు దేనికి?

మరి తక్కువ పౌండ్ల విల్లు నిదానం అనే పేరు ఎలా వచ్చింది? బాణాల వల్ల. కొట్టులో దొరికే చెక్క బాణం మొన, ఈకలతో కలిపి 26 గ్రాముల దాకా, అంటే 400 గ్రెయిన్లు ఉంటుంది. 32 పౌండ్ల విల్లు మీద అది పౌండుకు 12.5 గ్రెయిన్లు. అదే విల్లు మీద 27½ అంగుళాల సన్న కార్బన్ బాణం 100 గ్రెయిన్ల మొనతో 20 గ్రాముల దగ్గర తేలుతుంది. పౌండుకు 10 లోపే. ఈ ఒక్క మార్పుతో సెకనుకు 12 నుంచి 15 అడుగుల వేగం పెరుగుతుంది. కొత్త విల్లుకు డబ్బు పోయకముందే దొరికే వేగం ఇది. మీ దగ్గర ఇప్పటికే ఒక విల్లు ఉండి, అది నిదానం అనిపిస్తుంటే ముందు బాణాన్ని బంగారం దుకాణంలో తూకం వేయించండి.

బాణం తేలికైతే మంచిదే గానీ దానికీ హద్దుంది. పౌండుకు 8 గ్రెయిన్ల కంటే కిందికి పోకండి. బాణం తీసుకోలేని శక్తి అంతా విల్లుకే తగులుతుంది. బాణం లేకుండా నారి వదిలితే విల్లు పగలడానికి కారణం కూడా ఇదే.

లింబ్ (పిడికి పైనా కిందా వంగే భాగం) ఆకారం, నారి. విల్లు దాచుకునే శక్తి అంటే లాగుతున్నంతసేపూ మీరు పెట్టే బలం మొత్తం, చివర పెట్టేది ఒక్కటే కాదు. మొదటి అంగుళాల్లోనే గట్టిగా ఉండి, చివర మెత్తగా పెరిగే విల్లు అదే 32 పౌండ్లలో ఎక్కువ శక్తి దాస్తుంది. ఇక లింబ్ కొనలు ఎంత తేలిగ్గా ఉంటే ఆ శక్తిలో అంత ఎక్కువ భాగం బాణానికి చేరుతుంది. కొనలు బరువైతే తమను తాము కదిలించుకోవడానికే ఖర్చు చేసేస్తాయి. నారి కూడా అంతే. సాగే డాక్రాన్ నారి తీసి, సాగని డైనీమా రకం నారి వేస్తే సెకనుకు నాలుగైదు అడుగులు కలిసొస్తాయి. అయితే కొనలు బలపరిచిన విల్లుకే అది వేయాలి. పాత విల్లుకో, వట్టి చెక్క విల్లుకో వేస్తే నారి కొనలోకి కోసుకుపోతుంది.

మన ఎండ. దీని గురించి కింద విడిగా చెప్తాను. నల్గొండలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. అతికించి చేసిన విల్లుకు అది చిన్న విషయం కాదు.

## ఒక్కో రకం ఎలా ఉంటుంది

### ఇంగ్లిష్ తరహా

పొడుగ్గా, సన్నగా, లోతైన గుండ్రని పొట్టతో (లాగేవాడి వైపు ఉండే ముఖంతో) ఉండే విల్లు. సినిమాల్లో, చరిత్ర పుస్తకాల్లో కనిపించేది ఇదే. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకలో 137 పూర్తి విల్లులు దొరికాయి. యూ అనే చెట్టు కర్రతో చేసినవి, ఆరడుగులు దాటిన పొడవు, వంద పౌండ్ల పైమాటే అని అంచనా. ఈ ఆకారం పుట్టింది అన్ని పౌండ్లకు, బరువైన యుద్ధ బాణాలకు. అదే ఆకారాన్ని 30 పౌండ్లకు తగ్గిస్తే పొడవు పొడవే ఉంటుంది, కొనల బరువు కూడా అంతగా తగ్గదు, శక్తి మాత్రం మూడో వంతుకు పడిపోతుంది. 26 అంగుళాలు లాగే మనిషి చేతిలో ఆరడుగుల విల్లు సగమే వంగి ఊరుకుంటుంది.

అందం విషయంలో దీనికి సాటి లేదు. నారి లాగినప్పుడు ఎక్కడా తట్టుకున్నట్టు ఉండదు. చప్పుడు తక్కువ. కానీ తక్కువ పౌండ్లలో వేగం కావాలంటే మాత్రం ఇది మీ విల్లు కాదు.

### అమెరికన్ నిటారు లాంగ్‌బో

అమెరికన్ విలుకాడు హవార్డ్ హిల్ (1899–1975) పేరుతో ప్రసిద్ధమైన తరహా. 66 నుంచి 70 అంగుళాలు, నారి తీస్తే దాదాపు నిటారుగా ఉంటుంది. లోపల వెదురు పొరలు, పైన కింద ఫైబర్‌గ్లాస్. ఇంగ్లిష్ దానికంటే కొంచెం వేగం. చేయి కాస్త అటూ ఇటూ అయినా మన్నించే గుణం దీనికి ఎక్కువ. పిడి తేలిక కాబట్టి వదిలినప్పుడు చేతికి చిన్న అదురు తగులుతుంది, కొందరికి అది అస్సలు పడదు.

### రిఫ్లెక్స్–డిఫ్లెక్స్ లాంగ్‌బో

నారి తీసి పక్కన పెట్టి చూస్తే పిడి దగ్గర లింబ్ మీ వైపు వాలి, కొనలకు వచ్చేసరికి బొమ్మ వైపు తిరిగి ఉంటుంది. నారి ఎక్కించాక మాత్రం మామూలు లాంగ్‌బో లాగే ఒకే వంపుగా కనిపిస్తుంది. అంతా ఆ రెండు వంపుల మహిమే. కొనలు ముందుకు తిరిగి ఉండడం వల్ల మొదటి అంగుళాల్లోనే నారి బిగువుగా ఉంటుంది, పిడి దగ్గరి వాలు వల్ల విల్లు చేతిలో తిరగబడకుండా నిలకడగా ఉంటుంది. చివరి అంగుళాలు మెత్తగా వస్తాయి.

1930ల్లో అమెరికాలో హిక్‌మన్, క్లాప్‌స్టెగ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు విల్లును కొలతలు తీసి పరిశీలించి, గుండ్రటి పొట్ట కంటే చదునైన లింబ్ మేలని చూపించారు. వెడల్పుగా మొదలై కొన దగ్గర బాగా సన్నబడే ఈనాటి లింబ్ ఆ దారిలో వచ్చిందే. మంచి తయారీదారు చేసిన విల్లు కొన చిటికెన వేలి కంటే సన్నగా ఉంటుంది. కొనేటప్పుడు ముందు అక్కడే చూడండి.

ఇందులో రెండు మెట్లున్నాయి. వెదురు పొరల మీద ఫైబర్‌గ్లాస్ వేసినది ఒకటి, లోపల కార్బన్ పొర కూడా వేసినది మరొకటి. కార్బన్ వేసినది సెకనుకు ఓ అయిదు నుంచి ఎనిమిది అడుగులు ఎక్కువ ఇస్తుంది, ధర మాత్రం దానికి మించి పెరుగుతుంది. ఆ డబ్బు మంచి బాణాల మీద, నారి మీద పెడితే అంతకంటే ఎక్కువ లాభం అని నా అభిప్రాయం.

వంపు మరీ ఎక్కువ వేసి, పిడి బరువుగా చేసినవాటిని హైబ్రిడ్ అంటారు. వేగం అన్నిటికంటే ఎక్కువ. కానీ వేళ్ళు వదలడంలో తేడా వస్తే బాణం అంత దూరం తప్పుతుంది. మొదటి విల్లుగా నేను చెప్పను.

### వెదురు విల్లు

దీన్ని తక్కువగా చూసేవాళ్ళంటే నాకు కోపం వస్తుంది. నల్లమలలో చెంచుల విల్లు వెదురుదే. జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని వెదురు విల్లుతో ఆడే విభాగమే ఉంది. పల్లెల నుంచి వచ్చిన ఎంతోమంది ఆటగాళ్ళు విలువిద్యలో మొదటి అడుగు దానితోనే వేశారు. బరువును బట్టి చూస్తే సాగే గుణంలో వెదురు గొప్ప పదార్థం, అందుకే ఖరీదైన లాంగ్‌బోల కడుపులో కూడా అదే ఉంటుంది.

వట్టి వెదురు విల్లుకు రెండు పరిమితులు. ఒకటి, కొన్ని నెలలు వాడేసరికి కొంత వంపు శాశ్వతంగా నిలిచిపోతుంది. దానితోపాటు నారికి మొదట్లో ఉండే బిగువు పోతుంది, వేగమూ పోతుంది. రెండు, వాతావరణం. ఎండాకాలం తడి ఆరిపోయి పెళుసెక్కుతుంది, వానాకాలం తడి పీల్చి మెత్తబడుతుంది. పలచగా అవిసె నూనె పట్టిస్తే రెండూ కొంత తగ్గుతాయి.

సొంతంగా చేసుకోవాలనుకుంటే మేదరివాళ్ళ దగ్గరో కర్రల అడితిలోనో అడగండి. లోపల గుల్ల తక్కువ, గోడ మందం ఎక్కువ ఉన్న బొంగు కావాలి. చలికాలంలో కొట్టి, నీడలో నెలల తరబడి ఆరబెట్టినదైతే పురుగు పట్టే భయం తక్కువ. నిగనిగలాడే పైపొర బొమ్మ వైపు ఉండాలి. దాన్ని గీకకూడదు, కణుపులు కత్తితో చదును చేయకూడదు. చెక్కడమంతా లోపలి వైపే. కొనలు ఎంత సన్నం చేయగలిగితే అంత వేగం, కానీ రెండు లింబ్‌లూ సమానంగా వంగుతున్నాయా లేదా అని ప్రతి కొద్దిసేపటికీ చూసుకుంటూ చెక్కాలి.

### టేక్‌డౌన్

ఇది వేరే ఆకారం కాదు, పై రకాల్లో పిడి దగ్గర రెండుగా విడిపోయే ఏర్పాటు. అయిదున్నర అడుగుల విల్లును దేవరకొండ బస్సులో నిలబెట్టి తీసుకుపోవడం ఎంత తిప్పలో ఊహించుకోండి. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ రేంజ్‌కు వంద కిలోమీటర్ల ప్రయాణం. బస్సులో పోయేవాళ్ళు కొంచెం ఎక్కువ పెట్టి ఇదే తీసుకోవాలి. వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

## పక్కపక్కన పెడితే

28 అంగుళాల దగ్గర 35 పౌండ్లు, పౌండుకు 9 నుంచి 10 గ్రెయిన్ల బాణం అనుకొని వేసిన అంచనాలివి. మీ చేతులు పొట్టివైతే ఆ మేరకు తగ్గించుకోండి.

| రకం | వేగం, సెకనుకు అడుగులు | మన్నించే గుణం | ఎండకు ఓర్పు | ఖర్చు |
|---|---|---|---|---|
| ఇంగ్లిష్ తరహా | 140–150 | బాగుంటుంది | వట్టి చెక్కదైతే పెళుసు | ఎక్కువ |
| అమెరికన్ నిటారు | 145–155 | చాలా బాగుంటుంది | జాగ్రత్త అవసరం | మధ్యస్థం |
| రిఫ్లెక్స్–డిఫ్లెక్స్, ఫైబర్‌గ్లాస్ | 160–170 | బాగుంటుంది | జాగ్రత్త అవసరం | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| రిఫ్లెక్స్–డిఫ్లెక్స్, కార్బన్ | 165–178 | పర్వాలేదు | జాగ్రత్త అవసరం | చాలా ఎక్కువ |
| వట్టి వెదురు | 125–145 | చేసిన చేతిని బట్టి | రుతువును బట్టి మారుతుంది | చాలా తక్కువ |

## ఎవరికి ఏది

కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్ళు. 66 అంగుళాల ఫైబర్‌గ్లాస్ రిఫ్లెక్స్–డిఫ్లెక్స్, మీ డ్రా లెంగ్త్ దగ్గర 28 నుంచి 32 పౌండ్లు. జిమ్‌లో ఎంత బరువెత్తినా సరే, మొదటి విల్లు ఇంతకు మించొద్దు. విల్లు లాగేది వీపు కండరాలు, అవి అలవాటు పడడానికి నెలలు పడుతుంది.

ఎత్తు తక్కువ ఉన్నవాళ్ళు, టీనేజ్ పిల్లలు. డ్రా లెంగ్త్ 25 దగ్గర ఉంటే 62 నుంచి 64 అంగుళాల విల్లు చూడండి. పొట్టి చేతులకు పొడవు విల్లు ఇస్తే లింబ్ పూర్తిగా పని చేయదు, డబ్బిచ్చి కొన్న వేగం అందులోనే ఉండిపోతుంది. పొడుగు చేతులవాళ్ళకు ఇదే విల్లు ఇస్తే నారి కోణం బిగుసుకొని వేళ్ళను నొక్కేస్తుంది, వాళ్ళు 68కి పోవాలి.

నలభై దాటి, భుజం నొప్పి ఉన్నవాళ్ళు. కార్బన్ పొరకు డబ్బు పెట్టడం నిజంగా న్యాయం అనిపించే ఒకే సందర్భం ఇది. 25, 26 పౌండ్ల దగ్గర వేగం కావాలంటే లింబ్ మంచిదై ఉండాలి, బాణం 16, 17 గ్రాములకు దిగాలి. అంత తేలిక బాణం దొరకడం కష్టమే, కార్బన్‌లో 900, 1000 స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే కొలత, అంకె పెరిగితే మెత్తన) సన్న రకాలు వెతకాలి. భుజం డాక్టర్‌కు చూపించాకే మొదలుపెట్టండి.

పోటీలకు పోవాలనుకునేవాళ్ళు. అంతర్జాతీయ విలువిద్య సమాఖ్య వరల్డ్ ఆర్చరీ లాంగ్‌బో విభాగంలో చెక్క బాణాలు, సహజమైన ఈకలే వాడాలి. నారి ఎక్కించాక అది కొనల గాళ్ళను తప్ప విల్లును ఇంకెక్కడా తాకకూడదు. కార్బన్ బాణంతో వచ్చే లాభం మీకు లేదు కాబట్టి విల్లు మీదే ఆధారపడాలి. రిఫ్లెక్స్–డిఫ్లెక్స్ 35 నుంచి 38 పౌండ్లు, బాణం ఎనిమిది మిల్లీమీటర్ల మందం మించని చెక్కది. డజను బాణాలు తూచి, బరువులో దగ్గరగా ఉన్నవాటిని ఒక జట్టు చేసుకోండి.

చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్ళు. వెదురు విల్లు, మంచి బాణాలు. తిరగేసి ఖరీదైన విల్లు, నాసి బాణాలు తీసుకోవద్దు. సంపాదన పెరిగాక విల్లు మార్చుకున్నా, బాణాలు తూచే అలవాటూ వదిలే ఒడుపూ మీతోనే ఉంటాయి.

పాత పద్ధతి మీద ప్రేమ ఉన్నవాళ్ళు. అమెరికన్ నిటారు రకం తీసుకోండి, ఆనందంగా 20 మీటర్ల దగ్గర కొట్టుకోండి. వేగం కోసం దాన్ని పీడించవద్దు.

## చేతిలోకి వచ్చాక పరీక్షలు

సామాను తూచే కొక్కెం త్రాసు ఒకటి చాలు. నారి కొక్కేనికి తగిలించి, 24 అంగుళాల నుంచి మీ డ్రా లెంగ్త్ దాకా ఒక్కో అంగుళానికి ఎంత చూపిస్తుందో రాసుకోండి. త్రాసు కిలోల్లో చూపిస్తే 2.2తో హెచ్చవేయండి, 14.5 కిలోలు అంటే 32 పౌండ్లు. అంగుళానికి రెండు, రెండున్నర పౌండ్ల చొప్పున నెమ్మదిగా పెరిగితే మంచి విల్లు. చివరి అంగుళంలో ఒక్కసారిగా నాలుగు పౌండ్లు ఎగబాకితే ఆ విల్లు మీ చేతులకు పొట్టిది. తిరిగి ఇచ్చేయండి.

వేగం కొలవడానికి యంత్రం లేకపోయినా ఫోన్ ఉంటే చాలు. గట్టి బొమ్మకు సరిగ్గా 18 మీటర్ల దూరంలో నిలబడి, ఫోన్ మీ కాళ్ళ దగ్గర పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి బాణం వేయండి. ఎడిటింగ్ యాప్‌లో తెరిస్తే గీత మీద రెండు ముళ్ళు లేచి కనిపిస్తాయి. నారి టంకారం ఒకటి, బాణం గుచ్చుకున్న చప్పుడు రెండోది. రెండింటి మధ్య సమయం 0.43 సెకను వచ్చిందనుకుందాం. చప్పుడు మీ దాకా తిరిగి రావడానికి పట్టే 0.053 తీసేస్తే 0.377. 18ని దానితో భాగిస్తే సెకనుకు 47.7 మీటర్లు, అంటే దాదాపు 157 అడుగులు. అయిదారు బాణాలు వేసి సగటు తీయండి. అమ్మినవాడు 190 అని చెప్పినా, మీ ఫోన్ చెప్పేదే మీ వేగం.

బ్రేస్ హైట్, అంటే ఎక్కించిన నారికీ పిడికీ మధ్య ఎడం, తయారీదారు చెప్పిన హద్దుల్లోనే ఉంచండి. లాంగ్‌బోలకు అది సాధారణంగా ఆరున్నర నుంచి ఏడున్నర అంగుళాలు. కింది హద్దుకు దించితే తోపుడు దూరం పెరిగి కొంచెం వేగం వస్తుంది, కానీ నారి ముంజేతికి తగలడం మొదలవుతుంది. అక్కడ ఆగిపోండి.

కార్బన్ బాణాన్ని వేసే ముందు ప్రతిసారీ రెండు చేతులా పట్టి, కొంచెం వంచి, చెవి దగ్గర పెట్టుకొని వినండి. చిటపటమన్నా, వేలికి గరుకు తగిలినా అది పని అయిపోయిన బాణం. చీలిన కార్బన్ విల్లు మీదే పగిలి చేతిలోకి దిగుతుంది.

## ఎండాకాలం విల్లు

ఫైబర్‌గ్లాస్ విల్లంటే పొరలను ఎపాక్సీ జిగురుతో అతికించినది. ఎండలో మూసి ఉంచిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే, అక్కడే ఆ జిగురు మెత్తబడడం మొదలవుతుంది. నారి ఎక్కించి ఉన్న విల్లు అయితే లింబ్ అదే వంపులో మెలితిరిగి ఉండిపోతుంది. లింబ్ పక్క అంచును వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. పొరల మధ్య గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగులో ఉండాలి. పిడి వైపు లింబ్ మందం మొదలయ్యే చోట వెంట్రుకంత తెల్లటి గీత కనిపించినా, గోటితో తడిమితే అంచు తగిలినా, ఆ విల్లును ఇక లాగవద్దు. పాత విల్లు కొనేటప్పుడు కూడా ముందు చూడాల్సిన చోటు అదే.

మార్చి నుంచి జూన్ దాకా ఉదయం తొమ్మిది లోపు ఆట ముగించండి. ఆట అయిపోగానే నారి దించండి, దానికోసమే ఉండే తాడు స్ట్రింగర్‌తోనే. కాలి కింద పెట్టి వంచితే లింబ్ మెలిపడుతుంది. రేకుల ఇంట్లో అటక మీద, బీరువా మీద పెట్టొద్దు, కప్పు వేడి అంతా అక్కడే ఉంటుంది. ఇంట్లో చల్లటి గదిలో, గోడకు రెండు మేకులు కొట్టి అడ్డంగా పడుకోబెట్టండి. మూలకు నిలబెడితే బరువంతా కింది లింబ్ మీద పడుతుంది.

బొమ్మ కోసం పెద్ద ఖర్చు అక్కర్లేదు. గోనె సంచుల్లో పాత బట్టలు గట్టిగా కుక్కి కుడితే 35 పౌండ్ల బాణాలను హాయిగా ఆపుతాయి. పంట లేని చెలకలో, వెనక ఎత్తైన కట్ట ఉన్న చోట పెట్టండి. కట్ట అవతల మేకలు, మనుషులు తిరిగే దారి ఉందేమో ముందే నడిచి చూసి రండి. 32 పౌండ్ల బాణం గురి తప్పి ఎత్తుకు లేస్తే వంద మీటర్లు దాటి పడుతుంది.

విల్లు ఆర్డర్ పెట్టేటప్పుడు మూడు మాటలు రాసి పంపండి: మీ డ్రా లెంగ్త్, ఆ పొడవు దగ్గర మీకు కావాల్సిన పౌండ్లు, మీరు వాడబోయే బాణం బరువు గ్రాముల్లో. పని తెలిసిన తయారీదారు ఈ మూడూ చూసి విల్లు పొడవు తనే చెప్తాడు. "28 దగ్గర 35 ఉంది, తీసుకోండి" అని తప్ప ఇంకేమీ చెప్పలేనివాడి దగ్గర కొనకండి. నారి అదనంగా ఒకటి, బాణాలు డజను విల్లుతోపాటే తెప్పించుకోండి, రెండోసారి కొరియర్ ఖర్చు తప్పుతుంది.